పదివేల గంటల పైపు

ఆరు రోజులుగా మీటరమ్మకు నిద్ర పట్టడం లేదంటే అబద్ధమే అవుతుంది. నిద్ర పడుతోంది. ఆ నిద్రలో కూడా కంప్యూటరునే తిడుతోంది. నిన్న తెల్లవారుజామున "పది చూపించి చావవే, నీకేం రోగం" అని గట్టిగా అరిచిందట. పక్కనున్న భర్త ఉలిక్కిపడి లేచి, గడియారం చూసి, "ఇంకా ఐదే అయింది కదే" అన్నాడట. ఆ మాట పొద్దున కాఫీ దగ్గర చెప్పి నవ్వబోయాడు గానీ, ఆవిడ మొహం చూసి మానుకున్నాడు.

ఆవిడకు మీటరమ్మ అని పేరు పెట్టింది ల్యాబులోవాళ్ళు. అసలు పేరు జీతాల రిజిస్టరులో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. వేడినీళ్ళ పైపులు ఎంతకాలం మన్నుతాయో తేల్చే ల్యాబు అది. తయారుచేసినవాళ్ళు పంపిన ప్లాస్టిక్ పైపు ముక్కకు రెండు చివర్లా మూతలు బిగిస్తారు. లోపల నీళ్ళు నింపి, వేడినీళ్ళ తొట్టిలో ముంచి, పంపుతో ఒత్తిడి పెట్టి వదిలేస్తారు. పదివేల గంటలు అలాగే ఉంచాలి. అంటే ఏడాదీ, పైన యాభై రోజులూ. అన్ని గంటలూ చీలకుండా నిలబడితే పైపు నెగ్గినట్టు. మధ్యలో చీలితే, ఏ గంటలో చీలిందో రాసి ఇంటికి పంపేస్తారు.

ఇప్పుడు తొట్టిలో ఉన్న పైపు తొమ్మిది వేల ఎనిమిది వందల ఎనభై గంటలు నిలబడింది. ఇంకో ఐదు రోజులు ఓపిక పడితే గండం గడిచినట్టే. ఈ పరీక్ష మీద మీటరమ్మకు ప్రాణమంతా ఉంది. ఇన్నేళ్ళూ పని ఆవిడది, సంతకం ఆవిడ పై అధికారి పెద్దాయనది. పోయినేడు పెద్దాయన రిటైరయ్యాక, మొదటి గంట నుంచి చివరి గంట దాకా ఆవిడ ఒక్కతే చూసుకున్న మొదటి పైపు ఇది. సర్టిఫికెట్టు కింద మొట్టమొదటిసారి ఆవిడ సంతకం పడుతుంది. ఆ సంతకం ఎలా పెట్టాలో కాగితాల వెనక రెండుమూడుసార్లు రాసి కూడా చూసుకుంది. ఆ సంగతి ఎవరికీ తెలియదు.

అలాంటి సమయంలో కార్డు మొండికేసింది.

పైపులోని ఒత్తిడిని సెన్సరు పసిగడుతుంది. సెన్సరు పంపే కరెంటును అంకెగా మార్చి కంప్యూటరుకు అందించేది ఆ కార్డు. అరచేతికి రెండింతలుంటుంది. కంప్యూటరు పొట్టలో, స్లాటులో నిలబడి, నిమిషానికోసారి ఒక అంకె చెబుతుంది. ఈ పైపుకు పెట్టిన ఒత్తిడి పది కాబట్టి ఏడాదిగా "పది, పది, పది" అంటూ వచ్చింది. ఆరు రోజుల కిందట ఉన్నట్టుండి తొమ్మిదీ పాయింటు ఎనిమిది అంది. కాసేపాగి మళ్ళీ పది అంది. మర్నాడు తొమ్మిదీ ఏడు. ఇవాళ తొమ్మిదీ ఆరు దాకా దిగి, లేచి, మళ్ళీ దిగుతోంది. తొట్టి పక్కన గోడకున్న, అదే ఒత్తిడిని చూపించే ముల్లు గేజీ మాత్రం చక్కగా పది మీదే నిలబడి ఉంది. గేజీ పదంటే పదే. పది రోజుల కిందట తనిఖీ వాళ్ళొచ్చి, దాన్ని సరిచూసి, దాని నుదుట పచ్చ స్టిక్కరు అంటించి మరీ వెళ్ళారు. కంప్యూటరుకేమో పదిహేనేళ్ళు. ఈ రెండింటిలో ఎవరి మాట నమ్మాలో అడగాల్సిన పనే లేదు. అందుకే మీటరమ్మ ఆరు రోజులుగా లాగుబుక్కులో, ప్రతి రోజు అంకెల పక్కనా ఎర్రసిరాతో "కార్డు లోపం. ఈ అంకెలు లెక్కలోకి రావు" అని రాసి సంతకం పెడుతోంది.

ఇవాళ ఇక ఆగలేక మరిదిని పిలిచింది. మరిదికి పాత కంప్యూటర్లు బాగుచేసే కొట్టుంది. రికార్డు ఆరు గంటలకు మించి ఆగితే మొత్తం పరీక్షే చెల్లదని ల్యాబు నియమం. తొమ్మిదిన్నరకు కంప్యూటరు ఆపింది. మూడున్నరలోగా మళ్ళీ లేచి కూర్చోవాలి.

మరిది సంచీ దించి, కంప్యూటరు మూత విప్పి, లోపలున్న దుమ్ము చూసి ఈల వేశాడు.

"వదినా, ఇది మీ పెళ్ళికి ముందుదా?"

"మీ అన్నయ్య కంటే నయం. పిలిస్తే పలికేది."

"ఇప్పుడు పలకట్లేదనేగా నన్ను పిలిచారు. పారేసి కొత్తది కొనండి."

"కొత్తవాటిలో ఈ కార్డు పట్టే స్లాటే ఉండదట. కబుర్లు తగ్గించి చెయ్యి నడిపించు నాయనా, టైమవుతోంది."

అతను కార్డు ఊడబీకి, దాని అంచునున్న బంగారురంగు పళ్ళను స్కూలు పిల్లల రబ్బరుతో రుద్దాడు. రబ్బరు నల్లబడింది. మీటరమ్మకు ప్రాణం లేచొచ్చింది. ఇంత మురికి పెట్టుకుని అంకెలెలా చెబుతుంది మరి! కార్డు మళ్ళీ గుచ్చి, స్విచ్చు నొక్కారు. స్క్రీను మీద పదిహేనేళ్ళ కిందటి తారీఖు ప్రత్యక్షమైంది.

"లోపలున్న బిళ్ళ బ్యాటరీ చచ్చింది," అన్నాడు మరిది. "ఆపకుండా నడిపినంతకాలం బతికింది. మనం ఆపాం, అన్నీ మర్చిపోయింది."

"మర్చిపోవడమేంటి? దానికేమైనా వయసు మీద పడిందా?"

"పడిందిగా మరి."

సంచీలోంచి కొత్త బిళ్ళ తీసి వేశాడు. తారీఖు దిద్దాడు. కంప్యూటరు లేచింది. లేచి, "కార్డు కనబడలేదు" అంది. మీటరమ్మకు ఒళ్ళు మండిపోయింది. ఇంతసేపూ కార్డు తప్పు చెబుతోందని బాధ, ఇప్పుడు కార్డే లేదంటోంది. స్లాటు మార్చారు. కనబడలేదంది. ఇంకో స్లాటు మార్చారు. ఈసారి కార్డు కనబడింది గానీ కీబోర్డు పోయింది. గంటన్నర పాటు ఒకటి బాగుచేస్తే ఒకటి చెడుతూ వచ్చింది. మరిది చెమటలు తుడుచుకుంటూ, ప్రతి కార్డుకూ ఒక నంబరుంటుందనీ, రెండింటికి ఒకే నంబరు పడితే కొట్టుకుంటాయనీ చెప్పాడు. దీనికి ముందేం నంబరుండేదో ఎవరికీ తెలియదు. చివరికి విప్పి పక్కన పెట్టిన మూతను కాలితో జరపబోయి, దాని లోపలి వైపు చూసి ఆగాడు. పెన్సిలుతో, పెద్దాయన చేతిరాతతో, "కార్డుకు 5. వేరే దేనికీ ఇవ్వకు" అని ఉంది.

"ఈ మాట పుస్తకంలో రాసి ఏడిస్తే ఏం పోయిందో," అంది మీటరమ్మ, పెద్దాయన మీద ఉన్న గౌరవాన్ని కాసేపు పక్కనపెట్టి.

అప్పుడే తొట్లకు నీళ్ళు పోసే పిన్ని గుమ్మంలోకొచ్చింది. వయసులో పెద్దది, అందరికీ పిన్నే. చేతిలో ఇరవై లీటర్ల ఖాళీ క్యాను.

"అమ్మాయ్, పంపు షెడ్డులో క్యాను మళ్ళీ అయిపోయింది. ఈ వారంలో ఇది మూడోది. ఇదివరకు రెండు వారాలకో క్యాను పోసేదాన్ని."

"పొయ్యి పిన్నీ, పొయ్యి. నీళ్ళు కూడా నేనే వచ్చి పొయ్యాలా?" అని కసిరింది మీటరమ్మ. "ఎండలు చూశావుగా, ఆవిరైపోవూ?"

పిన్ని ఏదో అనబోయి, కింద పరిచిన స్క్రూలూ వైర్లూ చూసి, దండం పెట్టినంత పనిచేసి వెళ్ళిపోయింది.

ఐదు నంబరు ఇచ్చాక కార్డు పలికింది. పలికి, తొమ్మిదీ ఆరు అంది. తర్వాత పది. తర్వాత తొమ్మిదీ ఆరు. మీటరమ్మ కుర్చీలో కూలబడింది. పన్నెండు దాటింది. టీ చల్లారి మీగడ కట్టింది. ఎవరైనా గట్టిగా పలకరిస్తే ఏడ్చేలా ఉంది.

పలకరించింది ఫోను. పైపు పంపిన పెద్దమనిషి. చిన్న ఫ్యాక్టరీ ఆయనది. వారం నుంచి రోజూ మధ్యాహ్నం ఫోను చేస్తున్నాడు. ఆయన గొంతు వెనకాల పైపులు పోసే మిషను రొద ఎప్పుడూ వినిపిస్తూనే ఉంటుంది.

"ఎలా ఉందమ్మా మా పిల్ల?" అన్నాడు. పైపును ఆయన అలాగే అంటాడు.

"మీ పిల్ల నిక్షేపంలా ఉందండీ. మా కంప్యూటరే పిచ్చిపట్టి చంపుతోంది."

"ఆ మాట చాలమ్మా. మీరు బాగుందంటే నాకు బాగున్నట్టే." రెండు రోజులుగా ఆ రొద ఇంకా పెరిగింది. ఆయన గొంతు పెంచాడు. "ఉంటానమ్మా, ఇక్కడ ఊపిరాడనంత పనుంది."

ఫోను పెట్టేసి ఆవిడ మరిది వైపు తిరిగింది. "విన్నావా? ఆయన నామీద ఎంత భరోసా పెట్టుకున్నాడో! ఇవాళ దీని సంగతి తేల్చకుండా నిన్ను ఇంటికి పంపను."

"తేల్చేద్దాం," అన్నాడు మరిది. టార్చిలైటులోంచి ఒక సెల్లు తీసి, సెన్సరు వైర్లు ఊడదీసి, ఆ సెల్లును కార్డుకు తగిలించాడు. స్క్రీను మీద ఒకటీ పాయింటు ఐదు రెండు. మీటరు పెట్టి సెల్లును విడిగా కొలిచాడు. ఒకటీ పాయింటు ఐదు రెండు. పది నిమిషాలు అలాగే వదిలేశారు. స్క్రీను మీద గీత స్కేలు పెట్టి గీసినట్టు సాగింది. చిన్న వణుకు కూడా లేదు.

మళ్ళీ సెన్సరు తగిలించారు. గీత రంపం పళ్ళలా దిగుతూ లేస్తూ పోయింది. వైర్లు కార్డు మీదే ఉన్న పక్క చానలుకు మార్చారు. అక్కడా అంతే. వైరు తెగిందేమోనని కొత్త వైరు లాగారు. కొత్త వైరులోనూ అదే రంపం. అప్పటికి మధ్యాహ్నం రెండైంది.

"వదినా," అన్నాడు మరిది, స్క్రూడ్రైవరు కింద పెట్టి. "కార్డు బంగారంలా ఉంది. కంప్యూటరూ బాగుంది. ఆ వైరుకు అవతల ఏముందో అది నా చదువు కాదు."

"అవతల ఏముంటుంది? పది ఉంది! గేజీ పదంటోంది, కనబడట్లేదా?" మీటరమ్మ గొంతు లేచింది. "చేతకాకపోతే చేతకాలేదని చెప్పు. బాగుందంటావేంటి?"

అతనికీ కోపం వచ్చింది. పొద్దుటి నుంచి నేల మీద మోకాళ్ళ మీద పాకుతున్నాడు మరి. విసురుగా లేచి గేజీ దగ్గరకు పోయి, దాని అద్దం మీదకు వేలెత్తాడు.

"ముట్టుకోకు!" అని అరిచింది.

"అద్దమే కదా, అరిగిపోతుందా?"

"స్టిక్కరు వేశారు. ముట్టుకుంటే మళ్ళీ సరిచూడాలంటారు. ఎవరూ వేలు పెట్టొద్దని నేనే అందరికీ చెప్పాను."

చెప్పింది నిజమే. అలవాటుగా దాని మీద గోటితో కొట్టబోయిన ప్రతివాడినీ ఈ పది రోజులూ కసురుతూనే ఉంది. ఆ అలవాటు పెద్దాయన నేర్పినది. ఆయన ఏ గేజీ దగ్గరకెళ్ళినా ముందు అద్దం మీద గోటితో రెండుసార్లు కొట్టేవాడు, అప్పుడు చదివేవాడు. ఎందుకని కొత్తలో ఈవిడ అడిగితే, "ముల్లు బద్ధకపుది, లేపి అడగాలి" అన్నాడు. తనిఖీ వాళ్ళ ముందు అలా కొడితే నామోషీగా అనిపించి, మీటరమ్మ ఆ అలవాటు మాన్పించింది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా నిలబడి ఉండగా పిన్ని నిండు క్యాను మోసుకుంటూ గుమ్మం ముందు నుంచి పోతోంది. పొద్దున మింగిన మాట ఆవిడ కడుపులో ఉన్నట్టుంది, ఆగింది.

"కోప్పడకు అమ్మాయ్. ఆవిరన్నావు గానీ, ఆవిరయ్యేది తొట్టి కదా? తొట్టిలో నీళ్ళు తగ్గడమే లేదు. రోజూ ఒక బకెట్టు పోసేదాన్ని, వారంగా చుక్క పొయ్యలేదు. నిండుగా ఉంటోంది. క్యాను మాత్రం ఖాళీ అయిపోతోంది."

మీటరమ్మ క్యాను వైపు చూసింది, తర్వాత తొట్టి వైపు చూసింది.

క్యానులో నీళ్ళు పంపు తాగుతుంది. పంపు ఆ నీళ్ళను పైపులోకి తోస్తుంది. ఒత్తిడి తగ్గితేనే తోస్తుంది, లేకపోతే ఊరికే పడుంటుంది. క్యాను ఖాళీ అవుతోందంటే పంపు తోస్తూనే ఉందని. తొట్టి నిండుగా ఉందంటే ఆ నీళ్ళు తొట్టిలోకే వస్తున్నాయని. నీళ్ళలో నీళ్ళు కారితే ఎవరికి కనబడుతుంది? మరిది ఏదో అడుగుతున్నాడు గానీ ఆవిడకు వినబడలేదు. గేజీ దగ్గరకు నడిచింది. పచ్చ స్టిక్కరు పక్కన, అద్దం మీద, గోటితో రెండుసార్లు కొట్టింది.

పది మీదున్న ముల్లు ఒక్క ఉదుటున జారి, తొమ్మిదీ ఆరు దగ్గర ఆగింది.

స్క్రీను మీదా తొమ్మిదీ ఆరే. బయట షెడ్డులో పంపు గుర్రుమంది. స్క్రీను మీద అంకె మెల్లగా పదికి లేచింది. మీటరమ్మ మళ్ళీ గోటితో కొట్టింది. ముల్లూ లేచింది.

చివరి ఆశగా ఒక పొడుగు పుల్లకు దారప్పోగు కట్టి తొట్టిలోకి దించింది. మరిది టార్చి పట్టుకున్నాడు. దారం పైపు వెంట నిటారుగా, కదలకుండా వేలాడుతూ వచ్చింది. ఎడమ చివరకు రెండు బెత్తెల దూరంలో, ఎవరో ఊదినట్టు పక్కకు తప్పుకుంది. పుల్ల వెనక్కి తీసి మళ్ళీ పెట్టింది. మళ్ళీ తప్పుకుంది. మూడోసారి పెట్టబోతుంటే మరిది ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

"చాలు వదినా," అన్నాడు. ఈసారి వేళాకోళం లేదు. "పొద్దున ఆ డిస్కును అంకెలతో సహా మొత్తం తుడిచేసి, ప్రోగ్రాములు మళ్ళీ ఎక్కిద్దామా అని అడగబోయాను. మీరు ఊ అనేవారు."

అనేదే. ఆరు రోజులుగా ఆ గదిలో నిజం చెప్పింది ఆ కంప్యూటరొక్కటే. దాన్ని రోజంతా నేలమీద పడేసి, విప్పి, రబ్బరుతో రుద్ది, నానా తిట్లూ తిట్టింది.

మేనేజరు అప్పుడే వచ్చాడు. విషయం వింటూ గేజీ వైపొకసారి, లాగుబుక్కు వైపొకసారి చూశాడు. చెడ్డవాడేం కాదు, తలనొప్పులంటే భయమున్నవాడు.

"ఏమ్మా, ఇంకా ఐదు రోజులేగా? చుక్క చుక్క కారితే చీలినట్టేనా? పైగా కార్డు లోపమని నువ్వే రాశావు, ఆరు సంతకాలు పెట్టావు. గేజీకి స్టిక్కరుంది. కాగితాల ప్రకారం పైపు బాగానే ఉంది. తొందరపడకు. సాయంత్రం దాకా ఆలోచించుకో. నీ మొదటి సర్టిఫికెట్టు కదా."

అతను వెళ్ళాక మీటరమ్మ లాగుబుక్కు ముందు కూర్చుంది. అతను చెప్పిందాంట్లో అబద్ధం లేదు. కాగితాల ప్రకారం పైపు బాగుంది. బాగుందని రాసింది తనే. ఎర్ర అక్షరాలు చూస్తుంటే సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆరు సంతకాలూ పొందిగ్గా, ఒకదాన్ని మించి ఒకటి కుదిరాయి. కాగితాల వెనక చేసిన సాధన అంతా వీటికి పనికొచ్చింది.

ఆరు వాక్యాలూ ఒక్కొక్కటే అడ్డంగా కొట్టేసింది. కంప్యూటరులో వెనక్కి పోయి, అంకె మొదటిసారి పది నుంచి జారిన చోటు వెతికింది. కింద రాసింది: "9,736వ గంటలో పైపు చీలింది. కార్డులో ఏ లోపమూ లేదు. గేజీ ముల్లు పట్టేసింది. గోటితో కొట్టి చూడొద్దన్నది నేను." సంతకం పెట్టింది. ఈసారి వంకరగా పడింది.

ఫోను తీసుకుంది. మరిది సంచీ సర్దుకుంటున్నవాడు ఆగిపోయాడు. మొదటి రింగుకే పెద్దమనిషి ఎత్తాడు. వెనకాల మిషను రొద.

"ఏమ్మా, కంప్యూటరు బాగైందా?"

"అది పాడవ్వలేదండీ," అంది మీటరమ్మ. "పైపు చీలింది."

మిషను రొద ఒక్కటే వినిపిస్తోంది.

"ఇవాళా?" అన్నాడు చివరికి.

"ఆరు రోజులైందండీ. తప్పు నాదే. కార్డు చెబుతూనే ఉంది, నేను నమ్మలేదు."

"ఆరు రోజులు," అన్నాడాయన. కోపంగా కాదు, లెక్క చూసుకుంటున్నట్టు. "ఆరు రోజులుగా మీరు బాగుంది బాగుంది అంటుంటే, ఇంకేం భయంలే అనుకుని, మొన్ననే రెండో మిషను కూడా ఎక్కించానమ్మా. రెండూ పగలూ రాత్రీ అవే పైపులు పోస్తున్నాయి."

మధ్యాహ్నం ఫోనులో రొద ఎందుకు పెరిగిందో ఆవిడకు ఇప్పుడర్థమైంది.

"ఆపించండి," అంది. "ఇప్పుడే ఆపించండి."

ఆయన ఫోను పక్కన పెట్టిన చప్పుడైంది. దూరంగా ఎవరినో కేకేశాడు. మీటరమ్మ ఫోను చెవికి గట్టిగా అదుముకుని కూర్చుంది. ముందు ఒక మిషను ఆగింది. కాసేపటికి రెండోదీ ఆగింది. ఆయన మళ్ళీ ఫోను దగ్గరకు వస్తాడేమోనని ఆవిడ చాలాసేపు అలాగే పట్టుకుని ఉంది.